‘బట్’ ఎటు మొగ్గుతుంది?

ఒక చీరల దుకాణం ఊహించుకోండి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే చీరను చూశారు. ఒకావిడ ‘బాగుంది కానీ ఖరీదెక్కువ’ అంది. రెండో ఆవిడ ‘ఖరీదెక్కువే కానీ బాగుంది’ అంది. చీర ఒకటే. ఇద్దరూ చెప్పిన సంగతులూ అవే. బాగుంది, ఖరీదెక్కువ. అయినా ఎవరు లేచి వెళ్ళిపోతారో, ఎవరు డబ్బు తీస్తారో దుకాణదారుకు ఇట్టే తెలిసిపోతుంది. మీకూ తెలిసిపోయే ఉంటుంది. ఆ కబురు చీర చెప్పలేదు, ధర చెప్పలేదు. ‘కానీ’కి అటు ఏముందో, ఇటు ఏముందో అది చెప్పింది. ఇంగ్లీషులో ఈ పని చేసే మాటల్లో అందరికీ తెలిసింది ‘బట్’. ‘యెట్’, ‘దో’, ‘ఆల్‌దో’ కూడా ఆ కోవలోవే. రెండు విశేషణాల మధ్యనో, వర్ణించే రెండు పదబంధాల మధ్యనో చేరి, వాటిని ఎదురెదురుగా నిలబెట్టే మాటలివి. బడిలో వీటిని కంజంక్షన్లు అంటారు. ఖాళీలు పూరించమంటారు, మార్కులు వేస్తారు, అంతటితో వదిలేస్తారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విశేషణం వస్తువు గురించి చెబుతుంది. ‘బట్’ మాత్రం ఆ వస్తువు మీద చెప్పేవాడికి ముందే ఉన్న అంచనాను బయటపెడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి ప్రసంగమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని రుజువు చేయడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ‘బట్’ తీసేసి ఆ చోట ‘అండ్’ పెట్టి చూడండి. అద్దెకిచ్చే గది ఒకటి ఉందనుకుందాం. ‘స్మాల్ అండ్ కంఫర్టబుల్’ అంటే గది చిన్నది, హాయిగా ఉంటుంది. ‘స్మాల్ బట్ కంఫర్టబుల్’ అంటే ఇప్పుడూ గది చిన్నదే, ఇప్పుడూ హాయిగానే ఉంటుంది. గదిలో ఒక్క ఇటుక కూడా కదలలేదు. మొదటి మాట నిజమైతే రెండోదీ నిజమే. మరి తేడా ఎక్కడుంది? చిన్న గది అంటే ఇరుకు, ఇరుకంటే ఇబ్బంది అని లోకంలో ఒక అంచనా ఉంది. రెండో వాక్యం ఆ అంచనాను ముందు ఒప్పుకుని, ఈ గది విషయంలో అది తప్పింది అంటోంది. జర్మన్ తర్కవేత్త గాట్లోబ్ ఫ్రేగె 1879లోనే ఈ సంగతి గమనించాడు. తర్కానికి ఒక కొత్త లిపి తయారుచేస్తూ, ‘మరియు’కూ ‘కానీ’కూ ఉన్న తేడా తన లిపిలో కనబడదన్నాడు. వినేవాళ్ళు మొదట ఊహించేదానికి భిన్నమైనది రాబోతోందని సూచించడానికే ‘కానీ’ వాడతామని వివరించాడు. ఆ తరవాత 1961లో తత్త్వవేత్త పాల్ గ్రైస్ ఇదే విషయాన్ని ఎత్తుకున్నాడు. ఒకామె పేదది, నిజాయితీపరురాలు. ఈ రెండు మాటల మధ్య ‘బట్’ పెట్టామనుకోండి. పేదరికానికీ నిజాయితీకీ పొత్తు కుదరదని, నోరు తెరిచి అనకుండానే అన్నట్టవుతుంది. ఆ సూచన తప్పు కావచ్చు. అంతమాత్రాన వాక్యం అబద్ధమైపోదు. ఆమె పేదదే, నిజాయితీపరురాలే. చూశారా, వాక్యం నిజమై ఉండగానే దానిలోని సూచన తప్పు కావచ్చు. ‘బట్’తో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ‘బట్’ ప్రతిచోటా ఏదో ఒక అంచనాను కాదంటుందా? ఉత్త పోలిక కోసం వాడకూడదా? వాడవచ్చు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ 1971లో ఈ తేడాను విడమరచి చెప్పింది. జాన్ పొడుగు, బిల్ పొట్టి అని ఇద్దరి మధ్య ‘బట్’ పెడితే అది పోలిక మాత్రమే. జాన్ పొడుగే కానీ బాస్కెట్‌బాల్ ఆడలేడు అన్నప్పుడు మాత్రం, పొడుగువాళ్ళు ఆ ఆట బాగా ఆడతారన్న అంచనా వెనకాల ఉంది. ఈ రెండూ కాక మూడో వాడుక ఇంకొకటుంది, దిద్దుబాటు. ‘నాట్ రెడ్ బట్ మెరూన్’ అంటే ఎరుపు కాదు, మెరూన్ అని. జర్మన్ భాషలో ఈ దిద్దుబాటుకు వేరే మాట ఉంది, స్పానిష్‌లోనూ వేరే మాట ఉంది. ఇంగ్లీషు మాత్రం అన్నిటికీ ‘బట్’తోనే సరిపెట్టుకుంటుంది. ఇప్పుడు మన విషయానికి వద్దాం. మనం మాట్లాడుకుంటున్నది ఒకే వస్తువును వర్ణించే రెండు విశేషణాల గురించి. పోలిక కావాలంటే ఇద్దరు మనుషులుండాలి, ఇక్కడ ఉన్నది ఒక్కరే. దిద్దుబాటు కావాలంటే ముందు ‘నాట్’ ఉండాలి, ఇక్కడ అది లేదు. ఇక మిగిలింది అంచనా ఒక్కటే. అందుకే అంటున్నాను, ఒకే మనిషి మీదో ఒకే వస్తువు మీదో రెండు విశేషణాలు చెబుతూ మధ్యలో ‘బట్’ పెట్టారంటే, అక్కడ ఒక అంచనా దాగి ఉన్నట్టే.

ఇది తత్త్వవేత్తలు కూర్చుని అల్లిన ఊహ కాదు. రోజూ పత్రికల్లో పడే ఇంగ్లీషే దీనికి సాక్ష్యం. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు, వాసిలియోస్ హాట్సివాసిలోగ్లూ, కాథ్లీన్ మెక్‌కియోన్, 1997లో ఒక పరిశోధన ప్రకటించారు. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో వచ్చిన లక్షల వాక్యాలను కంప్యూటర్‌కు ఇచ్చి, ‘అండ్’తో, ‘బట్’తో కలిసి వచ్చే విశేషణాల జంటలను ఏరించారు. తేలిందేమిటి? ‘అండ్’ కలిపిన జంటలో సాధారణంగా రెండూ మెచ్చుకునే మాటలే అయి ఉంటాయి, లేకపోతే రెండూ తప్పుపట్టే మాటలే అయి ఉంటాయి. ‘బట్’ కలిపిన జంటలో సాధారణంగా ఒకటి మెచ్చుకోలు, ఒకటి తప్పుపట్టడం. ఒక ప్రతిపాదన సింపుల్ అని, జనానికి నచ్చిందని చెప్పాలంటే మధ్యలో ‘అండ్’ పెడతారు. అదే ప్రతిపాదనను సింప్లిస్టిక్ అంటే, అంటే లోతులేని తేలిక ఆలోచన అంటే, జనానికి నచ్చిందన్న మాట ముందు ‘బట్’ పెట్టి తీరాలి. కంప్యూటర్‌కు మాటల అర్థం తెలియదు. ప్రధానంగా ఈ కలిపే మాటల ఆధారంతోనే అది విశేషణాలను మంచివి, చెడ్డవి అని రెండు గుంపులుగా విడదీసింది. జంటల్లో తగినన్నిసార్లు కనబడిన విశేషణాలనైతే నూటికి 90కి పైగా సరిగ్గానే విడదీసింది. ఆలోచించండి. అర్థం తెలియని యంత్రానికి సైతం ‘బట్’ను చూస్తే రాసినవాడి అభిప్రాయం దొరికిపోతోంది. ఇక అర్థం తెలిసిన పాఠకుడికి దొరకకుండా ఉంటుందా?

అంచనా సంగతి అలా ఉంచి, ఇప్పుడు మొగ్గు సంగతి చూద్దాం. ‘బట్’ తక్కెడ లాంటిది. దానికి రెండే పళ్ళేలు, అందులో రెండో పళ్ళెమే కిందికి దిగుతుంది. ‘బట్’ తరవాత వచ్చిన విశేషణమే తీర్పు. ముందు వచ్చింది ఒప్పుకోలు మాత్రమే. ప్రోగ్రెస్ కార్డులో ‘ఇంటెలిజెంట్ బట్ లేజీ’ అని రాస్తే తల్లిదండ్రులు పిల్లవాణ్ణి నిలదీస్తారు. ‘లేజీ బట్ ఇంటెలిజెంట్’ అని రాస్తే లోలోపల మురిసిపోతారు. ఆసుపత్రివాళ్ళు ఇంగ్లీషులో విడుదలచేసే ప్రకటనల్లో ‘క్రిటికల్ బట్ స్టేబుల్’ అన్న మాట మీరు వినే ఉంటారు. ప్రాణాపాయం తప్పలేదు, అయితే పరిస్థితి దిగజారడం లేదు అని దాని భావం. బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్ళు ఆ రెండో మాటను పట్టుకునే రాత్రి గడుపుతారు. దాన్నే తిప్పి ‘స్టేబుల్ బట్ క్రిటికల్’ అని చూడండి. రోగి స్థితి ఒకటే, వినేవాళ్ళ గుండె మాత్రం జారిపోతుంది. ‘దో’ స్వభావం దీనికి ఎదురు. ‘దో’ దేనికి తగిలితే దాని బరువు తగ్గుతుంది. ‘గుడ్ దో ఎక్స్‌పెన్సివ్’ అంటే ఖరీదు సంగతి ఒప్పుకుంటూనే, మంచిదన్న మాట మీద నిలబడటం. ‘ఇఫ్’కు కూడా ఈ వాడుక ఉంది. ‘కంఫర్టబుల్ ఇఫ్ స్మాల్’ అంటే, చిన్నదైతే కావచ్చు గానీ హాయిగా ఉంటుందని. అజాగ్రత్తగా రాసేవాళ్ళు వీటన్నిటినీ ఒకే తీరున వాడేస్తుంటారు. మీరు మాత్రం గుర్తుంచుకోండి. ‘బట్’ తరవాతి మాట ముందుకు వస్తుంది. ‘దో’ తరవాతి మాట వెనక్కి తగ్గుతుంది.

రెండే పళ్ళేలు అన్నాను కదా, వ్యాకరణం కూడా ఆ మాటే చెబుతుంది. ‘అండ్’తో ఎన్ని విశేషణాలైనా వరసగా గుచ్చవచ్చు. ‘బట్’ రెండు పక్షాలనే కలుపుతుంది. ‘స్మాల్, ఓల్డ్ బట్ క్లీన్’ అన్నప్పుడు మాటలు మూడున్నా పక్షాలు రెండే. చిన్నది, పాతది ఒక పక్షం. శుభ్రమైనది రెండో పక్షం. ఇంకో నియమం కూడా ఉంది. నామవాచకానికి ముందు పెట్టేటప్పుడు రెండు పక్కలా ఒకే తరహా మాటలుండాలి. పాత స్కూటర్ అమ్మేవాళ్ళు ‘ఓల్డ్ బట్ ఇన్ గుడ్ కండిషన్’ అని రాస్తారు. ‘ద స్కూటర్ ఈజ్ ఓల్డ్ బట్ ఇన్ గుడ్ కండిషన్’ అంటే తప్పు లేదు. క్రియ తరవాత విశేషణమూ, పదబంధమూ జత కట్టవచ్చు. ఆ మొత్తాన్ని స్కూటర్ అన్న మాటకు ముందుకు తెస్తే మాత్రం వాక్యం కుంటుతుంది. అక్కడ ‘యాన్ ఓల్డ్ బట్ వెల్ మెయింటెయిన్డ్ స్కూటర్’ అనాలి. రెండు పక్కలా విశేషణాలే ఉన్నాయి కాబట్టి వాక్యం నిలబడింది. ‘హవెవర్’ ఈ పనికి పనికిరాదు. ‘హవెవర్ స్మాల్’ అంటే ఎంత చిన్నదైనా అని అర్థం మారిపోతుంది. ‘డిస్పైట్’ తరవాత విశేషణం ఒంటరిగా రాదు, నామవాచకం కావాలి. ‘డిస్పైట్ స్మాల్’ అనకూడదు, ‘డిస్పైట్ ఇట్స్ స్మాల్ సైజ్’ అనాలి. ‘యెట్’కు మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. దాని ముందు ‘అండ్’ పెట్టి ‘స్మాల్ అండ్ యెట్ కంఫర్టబుల్’ అనవచ్చు. ‘అండ్ బట్’ అని ఎవరూ అనరు.

మన విద్యార్థుల ఇంగ్లీషులో తరచూ కనబడే పొరపాటు ఒకటి ఇక్కడే పుడుతుంది. ‘ఆల్‌దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్’ అని రాస్తారు. అంచనాను కాదనే పని ‘ఆల్‌దో’ ఒకసారి చేసేసింది. మళ్ళీ ‘బట్’ వచ్చి అదే పని చేయబోతే ఇంగ్లీషు ఒప్పుకోదు. రెండింట్లో ఒకటి తీసేయాలి, ఏది తీసేసినా వాక్యం బాగుపడుతుంది. మరి ఈ జోడింపు ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృతంలో ‘యద్యపి’ అంటే దాని వెంట ‘తథాపి’ వస్తుంది. హిందీలోనూ అలాంటి జంట ఉంది. మన తెలుగుకు నిజానికి ఆ జంట అక్కర్లేదు. ‘పేదవాడైనా నిజాయితీపరుడు’ అంటే చాలు. ఆ చివరి ‘ఐనా’ ఒక్కటే పనంతా చేస్తుంది. అంటే తెలుగులో సహజంగా ఆలోచించి రాసినా ఈ తప్పు పడదన్నమాట. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ‘దో’ వెంట ‘యెట్’ కనబడుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కనబడుతుంది. అక్కడ ‘యెట్’ కలిపే మాటగా రాలేదు. ‘అయినా సరే’ అని ఊతమిచ్చే క్రియావిశేషణంగా వచ్చింది. ఇందాక ‘అండ్ యెట్’ ఎలా కుదిరిందో, ఇదీ అలాగే కుదిరింది. ‘బట్’కు ఆ గుణం లేదు. కాబట్టి మళ్ళీ ఒకసారి వినండి. ‘ఆల్‌దో’ ఉంటే ‘బట్’ వద్దు, ‘బట్’ ఉంటే ‘ఆల్‌దో’ వద్దు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. ‘ఏ స్మాల్ బట్ బ్యూటిఫుల్ హౌస్’ అన్నదాన్ని ‘చిన్న కానీ అందమైన ఇల్లు’ అని రాసేవాళ్ళున్నారు. ప్రకటనల్లో, అనువాదాల్లో ఇది కనబడుతుంటుంది. తెలుగువాడి నోట ఈ మాట అలా రాదు. ‘చిన్నదైనా అందమైన ఇల్లు’ అంటాడు. లేదా ‘ఇల్లు చిన్నదే కానీ అందంగా ఉంటుంది’ అంటాడు. ఇంగ్లీషు తన ఎదురు మాటను రెండు విశేషణాల నడుమ విడిగా నిలబెడుతుంది. తెలుగు ఒప్పుకోలును మొదటి మాటకే అతికిస్తుంది, ‘చిన్నదైనా’ అని. లేదా ‘ఏ’ అన్న చిన్న ధ్వనితో ముందే సూచిస్తుంది, ‘చిన్నదే’ అని. ‘చిన్నదే’ అని సాగదీసి అనగానే వెనకాల ఒక ‘కానీ’ రాబోతోందని వినేవాళ్ళకు తెలిసిపోతుంది. అంచనాను కాదనే పని రెండు భాషల్లోనూ ఉంది. దాన్ని ఎక్కడ అతికించాలో మాత్రం ఏ భాష పద్ధతి దానిది. అనువాదం చేసేవాళ్ళు మోసుకురావలసింది ‘బట్’ అన్న మాటను కాదు, అది మొగ్గే దిక్కును.

ఇంతకూ ఈ చిన్న మాటకు అంత ప్రాధాన్యం ఎందుకు? ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. బైబిలు పాత నిబంధనలో పరమగీతము అనే భాగం ఉంది. దాని మొదటి అధ్యాయంలో కథానాయిక తనను తాను వర్ణించుకుంటూ రెండు విశేషణాలు చెబుతుంది. ఒకటి తన మేని నలుపు, రెండోది తన అందం. ఆ రెండింటి మధ్య హీబ్రూ మూలంలో ఉన్నది ఒక్క అక్షరం. ఆ అక్షరం సందర్భాన్నిబట్టి ‘మరియు’ కావచ్చు, ‘కానీ’ కావచ్చు. ప్రాచీన గ్రీకు అనువాదం అక్కడ ‘మరియు’ పెట్టింది. క్రైస్తవ పండితుడు జెరోమ్ చేసిన లాటిన్ అనువాదంలో ‘కానీ’ వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులోనూ ‘బట్’ పడింది. 1989లో వచ్చిన న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ దాన్ని మార్చి ‘అండ్’ పెట్టింది. ఆమె రంగు మారలేదు, అందం మారలేదు, మూలంలోని అక్షరమూ మారలేదు. ‘బట్’ ఉన్నంతకాలం నలుపు ఒక లోపంగా, అందం ఆ లోపాన్ని పూడ్చేదిగా వినబడింది. ‘అండ్’ రాగానే రెండూ ఆమె గొప్పతనాలే అయ్యాయి. ఒకే ఒక్క కలిపే మాటను ఎంచుకోవడంలో రంగు గురించిన తీర్పు ఇమిడి ఉంది. పెళ్ళిచూపుల కబుర్లలో మనం రోజూ వినే ‘అమ్మాయి నలుపే కానీ కళగా ఉంటుంది’ అన్న మాటలో ఉన్నదీ అదే తీర్పు. ‘పల్లెటూరివాడే కానీ తెలివైనవాడు’, ‘ముసలివాడైనా చురుకైనవాడు’ అన్నప్పుడూ అంతే. పొగుడుతున్నామనే అనుకుంటాం. వినేవాడికి మాత్రం, పల్లెటూరివాళ్ళకు తెలివి ఉండదనుకుంటున్నారన్నమాట అని వినబడుతుంది.

దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. రెండూ పరిశీలించదగ్గవే. మొదటిది: ఇవన్నీ వాడుకలో అరిగిపోయిన జంటలు, ‘స్లో బట్ స్టెడీ’ అనేవాడు అంత ఆలోచించి అంటాడా అని. నిజమే, ఆలోచించడు. అందుకే ఇంకా జాగ్రత్త కావాలి. ఆలోచించకుండా వాడిన జంటలో ఉన్నది మన సొంత అంచనా కాదు, లోకం మన నోట్లో పెట్టిన అంచనా. నెమ్మదిగా వెళ్ళేవాడు గమ్యం చేరడన్న అంచనా వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. పేదవాడికి నిజాయితీ ఉండదన్న అంచనా వల్ల నష్టం ఉంది. రెండో సమాధానం దీనికి ఎదురు కొస నుంచి వస్తుంది. ఇంత ప్రమాదం ఉంటే ‘బట్’ మానేసి అంతటా ‘అండ్’ వాడితే సరిపోదా అని. సరిపోదు. సూది వేయబోతూ డాక్టరు ‘పెయిన్‌ఫుల్ బట్ హార్మ్‌లెస్’ అంటాడు. నొప్పి అంటే హాని అని భయపడే రోగికి ఆ ‘బట్’ ఒక ఓదార్పు. అక్కడ ‘అండ్’ పెడితే సమాచారం చేరుతుంది, ఓదార్పు చేరదు. వినేవాడి మనసులో నిజంగా ఉన్న భయాన్నో అనుమానాన్నో తీర్చేటప్పుడు ‘బట్’ను మించిన మాట లేదు. అంచనా ఉండటం తప్పు కాదు. లేని అంచనాను పుట్టించడం, తప్పుడు అంచనాకు వంతపాడటం తప్పు.

కాబట్టి శ్రోతలారా, ముఖ్యంగా పరీక్షలకు చదువుకునేవారు, అనువాదాలు చేసేవారు, ఉద్యోగాల కోసం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసుకునేవారు, ఈ మూడు సంగతులు వెంట ఉంచుకోండి. ఒకటి, ‘బట్’ ఒక అంచనాను కాదంటుంది. రెండు, దాని తరవాతి మాటదే పైచేయి. మూడు, ‘ఆల్‌దో’తో కలిపి దాన్ని వాడకూడదు. ఈ మూడింట్లో చివరిది తప్పితే మార్కులు పోతాయి. రెండోది తప్పితే మీరు చెప్పదలచుకున్నది తలకిందులవుతుంది. మొదటిది తప్పితే ఎదుటి మనిషిని తెలియకుండానే చిన్నబుచ్చినవాళ్ళవుతారు. అందుకే ఒక మనిషి గురించి రెండు విశేషణాలు రాసి, మధ్యలో ‘బట్’ పెట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఎవరన్నారు, ఆ మాట నేను నమ్ముతున్నానా అని మిమ్మల్ని మీరు అడగండి. నమ్మితే ‘బట్’ రాయండి. నమ్మకపోతే నిస్సంకోచంగా ‘అండ్’ రాయండి.